నీళ్లు మొక్కకా, ప్రహరీ గోడకా?

పొద్దున్నే ఆరింటికి మోటారు వేయగానే మా లాన్‌లో ఎనిమిది స్ప్రింక్లర్లు ఒక్కసారే లేచేవి. తెల్లటి తుంపర, దాని మీద లేత ఎండ. కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడి చూస్తుంటే కడుపు నిండినట్టుండేది. మూడేళ్లు అలాగే చూశాను. నాలుగో ఏడు వేసవిలో ఒకరోజు ఎందుకో గేటు తీసుకుని బయటికి వెళ్లి, రోడ్డు మీద నుంచి మా ఇంటి వైపు చూశాను. ప్రహరీ గోడ బయటి వైపు కూడా నిలువెత్తున తడిసి ఉంది. గోడ పక్కన సిమెంటు రోడ్డు మీద నీళ్లు సన్నటి పాయగా పారి మురుక్కాలవలో కలుస్తున్నాయి. ఆ పాయను దాటుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ట్యాంకర్ ఆగే చోటికి పోతున్నారు. ఒకామె మా వీధి చివర ఉండే మనిషే. నన్ను చూసి నవ్వి, "ఏందక్కా, పొద్దున్నే బయట నిలబడ్డావు?" అంది. ఆమె నీళ్ల సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

మాది ఒంగోలు శివార్లలో ఒక లేఅవుట్. కుళాయి నీళ్లు రోజూ రావు. సాగర్ కాలువ నీళ్లు చెరువుల్లో నింపుకుని, వాటిని పొదుపుగా వదులుతూ ఎండాకాలం గడపాల్సిన ఊరు మాది. అందుకే ఇంటింటికీ బోరు. మా బోరు వేసినప్పుడు చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లే ఉండేవి, ఇప్పుడు ఖాళీ ప్లాటు కనపడదు. ఆ ఏడు మే నెలలో రెండిళ్ల అవతల వాళ్ల బోరు ఎండిపోయింది. అది మా వల్లే అని ఎవరూ అనలేదు, రుజువు చేయడం కుదరని పని కూడా. కానీ నేల కింద ప్రహరీ గోడలు ఉండవు కదా. నా ప్లాటులో బోరు నాదే కావచ్చు, దాంట్లోకి ఊరే నీళ్లు వీధి మొత్తానివి. నీళ్లను, నేలను, చెట్లను కాపాడటానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. చట్టం చేసినా, పొద్దున్నే మోటారు స్విచ్చి వేసే చెయ్యి మనదే.

ఆ రోజు సాయంత్రం లెక్క వేయడానికి కూర్చున్నాను. ఒక స్ప్రింక్లర్ తల మీద బకెట్టు బోర్లించినట్టు పట్టుకుని, నీళ్లు పక్కకు పోకుండా పైపు ముక్కతో ఇంకో పది లీటర్ల బకెట్టులోకి మళ్లించాను. నిమిషం తిరిగేసరికి బకెట్టు నిండింది. ఎనిమిది తలలకు నిమిషానికి 80 లీటర్లు. రోజూ 20 నిమిషాలు వేసేవాళ్లం కాబట్టి 1,600 లీటర్లు. మా లాన్ రెండు సెంట్లు, అంటే 80 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడ్డట్టు. మా గడ్డికి రోజూ 20 మిల్లీమీటర్ల వాన కురిపిస్తున్నామన్నమాట. నడివేసవిలో కూడా గడ్డి రోజుకు తాగేది ఆరేడు మిల్లీమీటర్లకు మించదు. జిల్లా మొత్తానికి ఏడాదికి పడే వాన 800 మిల్లీమీటర్ల పైచిలుకు. అంత వానను మా రెండు సెంట్ల మీద మేం నలభై రోజుల్లో కురిపించేస్తున్నాం. ఆ అంకె కాగితం మీద చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అన్ని నీళ్లు పోసినా గడ్డి ఏమైనా ఏపుగా ఉండేదా అంటే అదీ లేదు. మర్నాడు లాన్‌లో అక్కడక్కడా ఆరు స్టీలు గ్లాసులు పెట్టి మోటారు వేశాను. గోడ మూలన ఉన్న గ్లాసులో మూడు వేళ్ల మందాన నీళ్లు, నడిమధ్యలో ఉన్న దాంట్లో అడుగు తడిసీ తడవనట్టు. ఆ మధ్య భాగం పచ్చబడాలనే కదా మేం 10 నిమిషాలను 20 చేసింది. మూలలు బురదయ్యాయి, మధ్య ఎండుతూనే ఉంది. పైగా మా బోరు నీళ్లు ఉప్పు. గాలికి ఆ తుంపర పోయి క్రోటన్ల మీద, గులాబీల మీద పడి ఎండేది. ఆకుల మీద సున్నం చల్లినట్టు తెల్ల మచ్చలు, అంచులు మాడిపోయి గోధుమరంగు. తెగులు అనుకుని మందు తెచ్చి కొట్టాను. అది తెగులు కాదు, మేం పోస్తున్న నీళ్లే.

మా అత్తమ్మది కనిగిరి వైపు మెట్ట పల్లె. ఫ్లోరైడు నీళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి, తాగే నీళ్లు బిందె లెక్కన కొనుక్కున్న ఇల్లు. మా లాన్ వేసిన ఏడు వచ్చి, స్ప్రింక్లర్లు చూసి ఏమీ అనలేదు. వెళ్లే రోజు మాత్రం, "ఈ గరికకా ఇన్ని నీళ్లు?" అని అడిగింది. లాన్ వేసినాయన దానికి బెర్ముడా అని పేరు చెప్పాడు, చదరపు అడుగు లెక్కన డబ్బు తీసుకున్నాడు. తర్వాత తెలిసింది, బెర్ముడా గడ్డి అంటే మన గరికే. వినాయక చవితికి గట్ల మీద కోసుకొచ్చే గరిక, ఎవరూ నీళ్లు పోయకపోయినా బతికే గరిక.

అప్పుడే ఆమె మరో మాట కూడా చెప్పింది. వాళ్ల నాన్న నిమ్మ మొక్కలు పెట్టినప్పుడు ఒక్కో మొక్క పక్కన ఒక కుండ పెట్టేవాడట. కుండ అడుగున చిన్న చిల్లు, దాంట్లో గుడ్డ పేలిక. వారానికి రెండు సార్లు బండి మీద నీళ్లు తెచ్చి కుండలు నింపేవాళ్లు. పేలిక వెంట చుక్క చుక్క వేరుకు దిగేది. ఎండాకాలం శివాలయంలో లింగం మీద ధారాపాత్ర కట్టినట్టే. డ్రిప్పు అనే పేరు రాకముందే మెట్ట రైతుకు ఆ ఆలోచన ఉంది. పైపులతో, చుక్కలు వదిలే డ్రిప్పర్లతో దాన్ని ఫ్యాక్టరీ సరుకుగా మార్చింది ఇజ్రాయెల్ వాళ్లు, 1960లలో. మన రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక బత్తాయి, నిమ్మ, మిరప తోటల్లోకి నల్ల పైపులు వచ్చాయి. పొదిలి మీదుగా కనిగిరి దాకా బస్సులో వెళ్తే రోడ్డు పక్క తోటల్లో ఆ పైపులు కనిపిస్తాయి. నీటి విలువ తెలిసిన రైతు ఇరవై ఏళ్ల నాడే మారాడు. పంట పండించని మేం, పట్నంలో, గడ్డి మీద తుంపర చల్లుతూ కూర్చున్నాం.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. స్ప్రింక్లర్ చెడ్డది అనడం లేదు. ఇసుక నేలలో వేరుశనగ వేసే రైతుకు అది మంచి సాధనం. చాళ్ల మధ్య ఖాళీ లేకుండా నేలంతా పంట ఉంటే నేలంతా తడవాల్సిందే. నా గొడవ ఇంటి పెరటి గురించి. ఇక్కడ నేల తక్కువ, గోడలు ఎక్కువ. ఒకటి చెట్టు, ఒకటి పొద, ఒకటి తీగ, ఒక్కోదాని దాహం ఒక్కో తీరు. అన్నింటి మీదా ఒకే వాన కురిపిస్తే దేనికీ సరిపడదు.

మారుద్దామని మొదలుపెట్టి నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. నాలుగు స్ప్రింక్లర్లు తీసేసి, వాటిలో ఒక దాని స్టాండు నుంచి 16 మిల్లీమీటర్ల డ్రిప్పు పైపు లాగి చామంతులకు, మల్లెలకు డ్రిప్పర్లు పెట్టాను. మిగతా నాలుగూ గడ్డికి ఉంచాను. అంతా ఒకే లైను, ఒకే వాల్వు. రోజూ 20 నిమిషాలు మోటారు. పది రోజులకు చామంతులు వాడి తలలు వేలాడదీశాయి. డ్రిప్పర్ ఇచ్చేది గంటకు 4 లీటర్లు. 20 నిమిషాలకు లీటరున్నర కూడా కాదు. స్ప్రింక్లర్ నిమిషాల్లో పని చేస్తుంది, డ్రిప్పు గంటల్లో పని చేస్తుంది. ఈ రెండింటినీ ఒక వాల్వు కింద కట్టేస్తే ఒకటి మునుగుతుంది, రెండోది ఎండుతుంది.

సరే అని మిగతా నాలుగూ కూడా మూసేశాను. ఈసారి మోటారు వేయగానే పైపు ముక్కలను కలిపే జాయినర్లు తుపాకీ పేలినట్టు ఊడాయి. పైపు పాములా మెలికలు తిరిగి వరండా అంతా తడిపింది. నిమిషానికి 80 లీటర్లు తోసే మోటారుకు, గంటకంతా కలిపి 300 లీటర్లు కూడా తాగని డ్రిప్పును నేరుగా తగిలిస్తే ఆ నీళ్లు ఎటు పోతాయి? ఒత్తిడి పెరిగి, బలహీనమైన చోట పగులుతుంది. ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ పెట్టొచ్చు, కానీ అంత మోటారును అంత చిన్న పనికి నడపడం మోటారుకూ మంచిది కాదు, కరెంటుకూ దండగ.

దారి చూపించింది మా ప్లంబరే. సామాను కొనేముందు తలెత్తి డాబా మీదకు చూసి, "అమ్మా, పైన ట్యాంకు పెట్టుకుని మోటారెందుకమ్మా?" అన్నాడు. ట్యాంకు అడుగు నేల నుంచి 15 అడుగుల ఎత్తు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి వస్తుందనుకుంటే మాకు వచ్చేది దాంట్లో సగానికి కాస్త తక్కువ. డ్రిప్పర్ మీద 4 లీటర్లు అని రాసి ఉన్నా అది ఒక బార్ దగ్గర లెక్క. మా ఒత్తిడికి ఎంత ఇస్తుందో చూద్దామని లీటరు సీసా కింద పెట్టి గడియారం చూశాను. 22 నిమిషాలకు నిండింది. గంటకు 2.7 లీటర్లు. ఏం ఫర్వాలేదు, ఇంకాసేపు వదిలితే సరిపోతుంది. చప్పుడు లేదు, టెన్షన్ లేదు, కరెంటు పోయినా నీళ్లు ఆగవు.

పాత లైనును తవ్వి పారేయలేదు. భూమిలో ఉన్న అంగుళం పీవీసీ పైపు శుభ్రంగా ఉంది, దాన్నే మెయిన్‌గా వాడుకున్నాం. ట్యాంకు నుంచి దిగే పైపును దానికి కలిపి, ముందు ఒక బాల్ వాల్వు, ఆ తర్వాత జాలీ ఫిల్టర్ పెట్టాం. ఎనిమిది స్ప్రింక్లర్ స్టాండుల్లో అయిదింటికి మూతలు బిగించి, మిగతా మూడింటి నుంచి నల్ల పైపులు తీశాం. ఒకటి చెట్లకు, ఒకటి పూల పొదలకు, ఒకటి కూరగాయల మడికి. మూడింటికీ వేర్వేరు వాల్వులు. చెట్టుకు మూడు రోజులకోసారి ఎక్కువసేపు కావాలి, టమాటాకు రోజూ కొంచెం కావాలి కాబట్టి ఈ విడగొట్టడమే అసలు కీలకం. మొత్తం సామాను, కూలీ కలిపి లాన్ వేయించినప్పుడు అయిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

గడ్డి సంగతేమిటి అంటారా? తీసేశాం. ఇది చాలామందికి నచ్చని మాట, నాకు తెలుసు. లాన్ ఉంచుకునే డ్రిప్పుకు మారొచ్చా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. గడ్డి కింద అడుగుకో పైపు పాతే పద్ధతి ఉంది, కానీ వేర్లు డ్రిప్పర్ల కన్నాల్లోకి దూరతాయి, ఎక్కడ మూసుకుందో పైకి తెలియదు, ఖర్చూ ఎక్కువే. నా అభిప్రాయంలో, పైపులు మార్చి గడ్డిని అలాగే ఉంచడం అంటే సగం పనే చేసినట్టు. నీళ్లు ఎలా పోయాలి అనే ముందు ఎవరికి పోయాలి అని అడగాలి. పిల్లలు కూర్చోవడానికి మంచమంత జాగా గరిక వదిలేశాం. దానికి కూరగాయలు కడిగిన నీళ్లు చాలు. మిగతా చోట రెండు నిమ్మలు, ఒక జామ, ఒక సపోటా, ఒక కరివేపాకు, ఇరవై దాకా మల్లె, మందారం, నందివర్ధనం, కనకాంబరం. గోడ వెంట వంగ, బెండ, టమాటా, మిరప. వాటికి 40 సెంటీమీటర్లకో చుక్క పడే ఇన్‌లైన్ పైపు.

మూడో రోజు పొద్దున నిమ్మ చెట్టు కింద మట్టి తవ్వి చూశాను. పైన జానెడు వెడల్పున మాత్రమే తడి. చుట్టూ దుమ్ము లేస్తోంది. అయ్యో, చాలలేదే అనుకుంటూ చిన్న పారతో తవ్వితే, బెత్తెడు లోతులో తడి రెండు జానల వెడల్పుకు పరుచుకుని ఉంది, బోర్లించిన కుండలాగా. మట్టి ముద్ద చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది, పిడికిలి పడితే నిలిచింది, వేళ్లకు నీరంటలేదు. ఆ ముద్దలో దారపు పోగుల్లాంటి తెల్ల వేర్లు రెండు మూడు. లాన్ తవ్వినప్పుడు ఎర్రమట్టి పైన రెండంగుళాలే బురదగా ఉండి, గడ్డి వేర్లన్నీ పైపైనే పడుకుని కనిపించాయి. ఇక్కడ వేరు కిందికి వెతుక్కుంటూ పోతోంది. నేల స్వభావాన్ని బట్టి ఈ కుండ ఆకారం మారుతుంది. నల్లరేగడిలో తడి పక్కలకు వెడల్పుగా సాగుతుంది, ఇసుకలో సూటిగా కిందికి దిగిపోతుంది. సముద్రం వైపు ఇసుక నేలల్లో ఉన్నవాళ్లు డ్రిప్పర్లు దగ్గర దగ్గరగా పెట్టి, తక్కువసేపు, ఎక్కువసార్లు వదలాలి.

ఇప్పుడు మూడు వాల్వులూ తెరిస్తే గంటకు 200 లీటర్ల లోపే. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో కూడా రోజుకు 400 దాటలేదు. ఎక్కడ 1,600, ఎక్కడ 400!

డ్రిప్పు పెట్టేస్తే చాలు, నీళ్లు వాటంతటవే మిగులుతాయి అని ఎవరైనా చెబితే నమ్మకండి. స్ప్రింక్లర్ ఎక్కువసేపు ఆడితే రోడ్డు మీద పారి పట్టిస్తుంది. డ్రిప్పు తప్పు చేస్తే కనపడదు. వాల్వు తెరిచి మర్చిపోతే రాత్రంతా నీళ్లు వేర్లు దాటి కిందికి ఇంకిపోతూనే ఉంటాయి. అందుకని నేను ఫోనులో అలారం పెట్టుకుంటాను. వాన పడ్డ వారం వాల్వుల జోలికే పోను. మాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. తుపాను పట్టిన ఏడు డిసెంబరు దాకా సాగుతాయి. ఆ రోజుల్లో టైమర్ పెట్టుకున్నవాళ్ల తోటల్లో వాన కురుస్తుండగానే చుక్కలు పడటం నేను చూశాను.

ఇంకొకటి ఉప్పు. ఆకుల మీద మచ్చలు పోయాయి, గులాబీకి నల్లమచ్చ తెగులు తగ్గింది, కానీ ఉప్పు ఎక్కడికీ పోదు. డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా పేరుకుంటుంది. నేల మీద తడి వృత్తం అంచున ముగ్గుగీతలా తేలుతుంది. పదిహేను రోజులకోసారి మామూలు కన్నా రెట్టింపుసేపు నీళ్లు వదిలి ఆ ఉప్పును వేర్ల కిందికి దించాలి. ఎండాకాలం చివర్లో తొలి చినుకులు పడినప్పుడు ఆ అంచు ఉప్పు కరిగి వేర్ల దగ్గరకు వస్తుంది, ఆ ఒక్క పూట మాత్రం వాన పడుతున్నా డ్రిప్పు వదలాలి. మూసుకున్న డ్రిప్పర్లను తీసి రాత్రంతా వెనిగర్‌లో వేసి, పొద్దున్నే నోటితో ఊది చూస్తాను. ఫిల్టర్ జాలీ ప్రతి ఆదివారం కడగాలి, నెలకోసారి పైపు చివరి మూతలు విప్పి మురికి పోయేదాకా నీళ్లు వదలాలి. ఉడతలు ఎండాకాలం దాహానికి పైపులు కొరుకుతాయి. వాటి కోసం జామ చెట్టు కింద మట్టి మూకుడులో నీళ్లు పెట్టాక కొరకడం చాలా తగ్గింది. పైపుల మీద వేరుశనగ పొట్టు, ఎండుటాకులు కప్పాం. నీళ్లు వేడెక్కవు, తడి ఆరదు, తుంగ కూడా తగ్గింది. తోటకూర, కొత్తిమీర లాంటి వెదజల్లే విత్తనాలకు డ్రిప్పు పనికిరాదు, వాటికి నేనిప్పటికీ చేతి క్యానుతోనే చల్లుతాను.

పోయిన నెల పక్క వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాయన వచ్చాడు. మేం తీసేసిన స్ప్రింక్లర్లు అమ్ముతారేమోనని అడిగాడు, లాన్ వేయిస్తున్నాడట. ఊరికే ఇస్తానండీ, ముందు ఒకసారి తోట చూడండి అన్నాను. నిమ్మ చెట్టు దగ్గర కూర్చుని పార ఆయన చేతికే ఇచ్చాను. పైన పొడి మట్టి చూసి పెదవి విరిచాడు, కింద తడి తగిలాక చెయ్యి అక్కడే ఉంచి కాసేపు మాట్లాడలేదు.

"మోటారు రోజుకు ఎంతసేపు వేస్తారండీ దీనికి?"

"దీనికి వేయమండీ. డాబా మీద ట్యాంకు నీళ్లే."

లేచి చేతులు దులుపుకుని, మీ ట్యాంకు ఎన్ని అడుగుల ఎత్తుందని అడిగాడు. ఇద్దరం డాబా ఎక్కి టేపు పెట్టి కొలిచాం. స్ప్రింక్లర్ల సంచి ఇంకా మా స్టోర్‌రూములోనే ఉంది.